సాలగ్రామం, ఏరు, కొండ: కాళీగండకి లోయలో ఏది ముందు పుట్టింది?

నేపాల్‌లోని కాగ్‌బేనీ దగ్గర, కాళీగండకి ఒడ్డున, పొద్దున్న ఎనిమిదింటికే రాజమండ్రి యాత్రికుల బృందం ఒకటి నడుములు వంచి రాళ్ళు ఏరుతోంది. ముక్తినాథ్ వెళ్తూ దారిలో ఆగారు. ఏట్లో బూడిద కలిపినట్టున్న నీళ్ళు, రెండు పక్కలా గడ్డిపోచ మొలవని మట్టి కొండలు. నేను తెలుగువాణ్ణని తెలిశాక ఒక పెద్దావిడ గుప్పిట్లోని నల్లటి గుండ్రాయి చూపించి అడిగారు.

"సాలగ్రామాలు ఈ ఒక్క ఏట్లోనే ఎందుకు దొరుకుతాయి బాబూ? మా గోదాట్లో ఇన్ని రాళ్ళున్నాయి కదా, ఒక్కటైనా లేదేం?"

పక్కనున్న గైడు వెంటనే అందుకుని, ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదన్నాడు. ఆవిడ చుట్టూ ఉన్న కొండల్ని ఒకసారి, అతన్ని ఒకసారి చూశారు. "సముద్రం ఇంత ఎత్తెక్కిందా?" అన్నారు.

గైడు చెప్పింది అబద్ధం కాదు. సగం చెప్పి వదిలేశాడు, అంతే. రాయి, ఏరు, కొండ: ఈ మూడింటి వయసులూ వేరు. దారి పొడుగునా చెప్పే కథల్లోనూ, మనం చదివే వార్తల్లోనూ మూడూ కలిసిపోయి చిక్కుపడుతుంటాయి. ఎవరెస్టు ఎత్తు పెరగడంలో ఒక నదికి వాటా ఉందని 2024లో వచ్చిన వార్తతో ఆ చిక్కుముడి ఇంకాస్త బిగుసుకుంది. కొండను కోసే నది కొండను పెంచడమేమిటని చాలామంది అడిగారు. ఒక్కో పోగూ విడదీసి చూస్తే అందులో వింతేమీ లేదు.

గోడ ఎక్కకుండానే గోడ వెనక్కి

పోఖరాలో నిలబడితే ఉత్తరాన అన్నపూర్ణ వరస గోడ కట్టినట్టు కనిపిస్తుంది. ఊరు 800 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే, 40 కిలోమీటర్లయినా దాటకముందే 7,000 మీటర్లు మించిన శిఖరాలు లేస్తాయి. అక్కణ్ణించి బేనీ, తాతోపానీ, ఘాసా, టుకుచే, మార్ఫా మీదుగా జోమ్‌సోమ్‌కి జీపులో రోజంతా పడుతుంది. ప్రవరుడికి మంచు తగిలి కాళ్ళ పసరు కరిగిపోయింది; మాకు ఘాసా దాటకముందే రాళ్ళు తగిలి టైరు పోయింది.

మర్నాడు కాగ్‌బేనీలో కళ్ళు నులుముకుని చూస్తే 7,061 మీటర్ల నీలగిరి దక్షిణాన ఉంది. ముక్తినాథ్ దాకా ఎక్కి చూస్తే ధవళగిరి కూడా దక్షిణాన్నే. నిన్నటిదాకా ఎదురుగా ఉన్న గోడ వెనక్కి వచ్చేశాం. ఒక్క కనుమ కూడా ఎక్కలేదు. ఏటి గట్టునే వచ్చాం. ఈ లోయలో నన్ను ఎక్కువ విస్మయపరిచింది మంచు కాదు, ఇదే.

పెంకుటింటి కప్పు మీద పడ్డ వాన నడినెత్తిన రెండుగా చీలి చెరోవైపు జారుతుంది. నేల మీద అలా నీటిని చీల్చే మిట్టను జలవిభాజకం అంటారు. హిమాలయంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాల వరసే ఆ మిట్ట అయివుంటుందని అనుకుంటాం. ఇక్కడ అలా లేదు. 8,167 మీటర్ల ధవళగిరికి, 8,091 మీటర్ల అన్నపూర్ణకు నడుమ నుంచి ఏరు దక్షిణానికి దూసుకొస్తుంది. నీటిని చీల్చే మిట్ట ఇంకా ఉత్తరాన, టిబెట్ సరిహద్దులోని కోరా లా కనుమ దగ్గర ఉంది. దాని ఎత్తు 4,660 మీటర్లే. సింధు, సట్లెజ్, కర్నాలీ, అరుణ్ నదులదీ ఇదే తీరు: గోడకు అవతల పుట్టి, గోడను చీల్చుకుని ఇవతలికి వస్తాయి.

హిమాలయం ఒకే వరస కాకపోవడం కూడా గుర్తుంచుకోవాలి. దక్షిణాన పొట్టి శివాలిక్ కొండలున్నాయి, వాటిని నేపాల్‌లో చురియా అంటారు. వాటి వెనక మహాభారత శ్రేణి, ఆ వెనక మంచు శిఖరాలుండే మహా హిమాలయం, దానికీ వెనక సముద్రపు రాళ్ళతో నిండిన నాలుగో పట్టీ. కాగ్‌బేనీ, ముక్తినాథ్ ఉన్నది ఆ నాలుగో పట్టీలో. పెద్దావిడ ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది.

రాతిలో ఉన్నదేమిటి

సాలగ్రామంలో కనిపించే చక్రం అమ్మోనైట్ అనే జలచరపు గుల్ల. ఇప్పటి ఆక్టోపస్, స్క్విడ్‌లకు దూరపు చుట్టం. చుట్టలు తిరిగిన గుల్లలో గదులుండేవి. జీవి పెరిగేకొద్దీ కొత్త గది కట్టుకుంటూ పోయేది. చచ్చాక గుల్ల సముద్రపు అడుగున నల్ల బురదలో కూరుకుపోయింది. దాని చుట్టూ బురద గట్టిపడి గుండుగా తయారైంది. ఆ గుండు పగిలితే లోపల చక్రం అచ్చు కనిపిస్తుంది. కొన్నిట్లో బంగారు మెరుపుంటుంది. అది ఇనుము, గంధకం కలిసిన పైరైట్.

ఈ నల్లటి పొరల రాతిని భూగర్భ శాస్త్రవేత్తలు స్పితి షేల్ అంటారు. మొదట వర్ణించింది హిమాచల్‌లోని స్పితి లోయలో కాబట్టి ఆ పేరు. వయసు సుమారు 16 కోట్ల నుంచి 14 కోట్ల ఏళ్ళు, అంటే నేల మీద డైనోసార్లు తిరుగుతున్న కాలం. పేరును బట్టే అర్థమవుతుంది, ఇలాంటి శిలాజాలు స్పితిలోనూ ఉన్నాయి. కాళీగండకి ప్రత్యేకత ఏమిటంటే, ఏరు ఆ పొరల గుండా పారుతూ గుండ్లను ఊడదీసి, దొర్లించి, నునుపు చేసి గట్టున పడేస్తుంది. పూజకు పనికొచ్చేవి గండకిలోవేనన్నది సంప్రదాయం పెట్టిన నియమం. గోదావరి దారిలో ఆ పొర లేదు, అందుకే ఆ రాయీ లేదు.

పురాణం ఇంకోలా చెబుతుంది. తులసి శాపం వల్ల విష్ణువు రాయయ్యాడు, తులసి గండకీ నదిగా మారింది, వజ్రకీటాలనే పురుగులు ఆ రాళ్ళను తొలిచి చక్రాలు చెక్కాయి. రెండు కథలూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఒకటి ఈ రాయిని ఎందుకు పూజించాలో చెబుతుంది, రెండోది ఎలా ఏర్పడిందో చెబుతుంది. అయినా ఒక సంగతి నాకు ముచ్చటేసింది. రాతిలోని ఆ చుట్టలు ఒక ప్రాణి పనేనని పురాణకారుడు కూడా గమనించాడు.

సముద్రం ఎక్కలేదు, అడుగు లేచింది

ఆ సముద్రానికి టెథిస్ అని పేరు పెట్టినవాడు ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్, 1893లో. అమ్మోనైట్‌లు బతికిన రోజుల్లో భారత భూభాగం ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని భూమధ్యరేఖకు చాలా దక్షిణాన ఉండేది. దాని ఉత్తరపు ఒడ్డున ఉన్న సముద్రపు అడుగే ఇప్పటి ముక్తినాథ్ కొండ.

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద ఫలకాలుగా విడిపోయి, ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన కదులుతూ ఉంటుంది. మన ఫలకం విడిపోయాక ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లు పైనే ఉత్తరానికి పరుగెత్తింది. పది లక్షల ఏళ్ళకు 150 కిలోమీటర్లన్నమాట. ఆ పరుగులో ఉండగానే, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట, దక్కన్ మీద లావా పొంగింది. రాజమండ్రి పక్కన కాటేరులోనూ, గోదావరి అవతల పంగిడి దగ్గరా కనిపించే నల్లరాయి ఆ లావాదే. అప్పటికి హిమాలయం లేదు.

ఆసియాను ఎప్పుడు గుద్దుకుందన్న దాని మీద వాదాలున్నాయి. 5 కోట్ల ఏళ్ళ కిందట అనేది ఎక్కువగా వినిపించే లెక్క. 6 కోట్లనేవాళ్ళూ ఉన్నారు, ఇంకా ఆలస్యంగా అనేవాళ్ళూ ఉన్నారు. ఒకరు మన ఫలకం వేగం ఎప్పుడు తగ్గిందో చూస్తారు, ఒకరు టెథిస్‌లో చివరి సముద్రపు పొర ఎప్పుడు పడిందో చూస్తారు, ఇంకొకరు ఆసియా వైపు ఇసుక భారత్ వైపు పొరల్లో ఎప్పుడు మొదలైందో చూస్తారు. ముందు ఒక ద్వీపాల వరసను గుద్దుకుని ఆ తర్వాతే ఆసియాను తాకిందనే వాదనా ఉంది. పెళ్ళి ముహూర్తం తాళి కట్టినప్పుడా, జీలకర్ర బెల్లం పెట్టినప్పుడా అన్నట్టుంటుంది వ్యవహారం: దేన్ని గుర్తుగా తీసుకుంటే తేదీ అటు జరుగుతుంది.

గుద్దుకున్నాక సముద్రపు అడుగు మడతలు పడి, పొర మీద పొర ఎక్కి పైకి లేచింది. ఎవరెస్టు శిఖరం మీద కూడా సముద్రపు సున్నపురాయే ఉంది, సాలగ్రామం కన్నా చాలా పాతది, 40 కోట్ల ఏళ్ళు దాటినది. ఇప్పటికీ మన ఫలకం ఏడాదికి 4, 5 సెంటీమీటర్లు ఉత్తరానికి నెడుతూనే ఉంది. అందులో సుమారు 2 సెంటీమీటర్లు హిమాలయం భరిస్తుంది. ఆ ఒత్తిడి కూడి కూడి ఒక్కసారి జారితే భూకంపం. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో వచ్చిన 7.8 తీవ్రత భూకంపం అదే. దాదాపు 9,000 మంది పోయారు.

ఇక్కడొక చిన్న లెక్క. కొండ ఏడాదికి ఒక్క మిల్లీమీటరే లేస్తుందనుకుందాం. 5 కోట్ల ఏళ్ళలో 50 కిలోమీటర్లు లేవాలి. ఉన్నది తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు. మిగతాది ఎటు పోయింది? మంచు, వాన, ఏరు కలిసి అరగదీసి కిందికి మోసుకుపోయాయి. గంగా మైదానం ఆ ఒండ్రే. బంగాళాఖాతం అడుగున శ్రీలంకను దాటి దక్షిణానికి సుమారు 3,000 కిలోమీటర్లు పరుచుకున్న మట్టి దిబ్బ కూడా ఎక్కువగా ఆ ఒండ్రే. దాని మందం కొన్నిచోట్ల 16 కిలోమీటర్లు. హిమాలయంలో చాలా భాగం ఇప్పుడు నీళ్ళ కిందే ఉంది.

ఏరు ముందా, కొండ ముందా: తేలని తగవు

గోడకు ఇంత పెద్ద గండి ఎలా పడింది? అందరూ చెప్పే జవాబు, కొండ లేవకముందే ఏరు ఉందని. ఇలాంటి వాటిని భూగోళ పాఠాల్లో పూర్వవర్తి నదులంటారు. రంపపు మిల్లులో రంపం ఉన్నచోటే ఉంటుంది. దుంగను దాని మీదికి తోస్తారు. అలాగే ఏరు తన చోట తాను పారుతూనే ఉంది, కింద నుంచి కొండ లేస్తూ వచ్చి కోతపడింది. లేచే వేగం కన్నా కోసే వేగం తగ్గకపోతే ఏరు దారి మార్చుకోనక్కర్లేదు. పాపికొండల మధ్య గోదారిని లాంచీలో చూసినవాళ్ళకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. అయితే ఆ కొండలూ ఈ కొండలూ పుట్టిన తీరు వేరు. పోలిక కంటికే గాని శాస్త్రానికి కాదు.

రెండో వాదన ఏరు దొంగ అంటుంది. దక్షిణపు వాలు మీద వాన ఎక్కువ కాబట్టి అక్కడి ఏళ్ళకు కోసే బలమూ ఎక్కువ. అలాంటి ఏరొకటి తలవైపు కోసుకుంటూ వెనక్కి వెనక్కి పోయి, చివరికి అవతల ఇంకోవైపు పారుతున్న ఏటి గట్టు తెంచి ఆ నీళ్ళను తనలో కలిపేసుకుంటుంది. దీన్ని నదీ చౌర్యం అంటారు. ఇలాగైతే కొండ ముందు, గండి తర్వాత.

మూడో కోణం ఈ లోయకే ప్రత్యేకం. జోమ్‌సోమ్‌కు ఉత్తరాన ముస్తాంగ్ నేల తూర్పు పడమరలకు సాగి, మధ్యలో తొట్టిలా కుంగింది. ఆ కుంగుడు కోటి ఏళ్ళకు పైబడినది. తొట్టిలో పేరుకున్న పొరల్లో పాత సరస్సుల బురద ఉంది. సరస్సు ఉందంటే ఆ రోజుల్లో నీళ్ళకు ఎక్కడో అడ్డు పడిందని అర్థం. మరి రంపం ఎప్పుడూ ఆగలేదని ఎలా అంటాం?

అందుకే పూర్వవర్తి నది అన్న మాటను గైడు పుస్తకాల్లో రాసినంత ధీమాగా నేను చెప్పలేను. దారి పాతదే కావచ్చు. మధ్యలో ఆగింది, మళ్ళీ తెంచుకుంది, బహుశా పక్క ఏళ్ళను మింగింది. ఇప్పుడు మనం ఒకే పేరుతో పిలిచే ఏరు అతుకుల బొంతలాంటిదేమో.

ఇసుక దించిన పడవ: నది కొండను పెంచడం ఎలాగంటే

ఇక ఆ 2024 వార్త. కోసి నదికి ఉపనది అరుణ్. సుమారు 89,000 ఏళ్ళ కిందట అది ఉత్తరాన ఇంకో నదిని తనలో కలిపేసుకుందని, దాంతో కోసే బలం పెరిగి ఎవరెస్టు పక్కన లోతైన లోయ తవ్వేసిందని ఆ అధ్యయనం చెప్పింది. కొండ ఎత్తుతో దానికేం పని?

గోదాట్లో ఇసుక పడవను చూడండి. నిండా లోడుంటే అంచు దాకా మునిగి ఉంటుంది. మధ్యలోంచి ఇసుక దించుతుంటే పడవంతా లేస్తుంది, దించని మూలలు కూడా. భూమి పైపెంకు కూడా కింద మెత్తగా, మహా నిదానంగా కదిలే రాతి మీద అలాగే తేలుతుంది. ఏరు లోయలోంచి వేల కోట్ల టన్నుల రాయి తరలిస్తే ఆ చుట్టుపక్కల నేలంతా తేలికై లేస్తుంది, శిఖరంతో సహా. లోయ లోతెక్కినా శిఖరం ఎత్తెక్కుతుంది.

ఎంత? అధ్యయనం ఇచ్చిన లెక్క 15 నుంచి 50 మీటర్లు. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు. అందులో 50 మీటర్లంటే అర శాతం కన్నా కాస్త ఎక్కువ. మిగతాది ఫలకాల గుద్దులాటదే. "నది వల్ల ఎవరెస్టు పెరిగింది" అన్న శీర్షిక తప్పు కాదు గాని, వాటా చెప్పని శీర్షిక.

ఎత్తు పెరగడమే కాదు, ఒక్కరోజులో తగ్గడమూ ఉంది. అన్నపూర్ణ 4 దగ్గర, బహుశా 8,000 మీటర్లు దాటిన ఒక శిఖరం 1190 ప్రాంతంలో కూలిపోయిందని 2023లో ఇంకో పరిశోధన తేల్చింది. కూలింది సుమారు 23 ఘన కిలోమీటర్ల రాయి. ఓరుగల్లులో కాకతి రుద్రదేవుడు ఏలుతున్న రోజులవి. పోఖరా లోయను నింపిన కంకర చాలావరకు అప్పుడు కొట్టుకొచ్చిందే.

ప్రపంచంలోకెల్లా లోతైన లోయేనా?

బోర్డుల మీద అలాగే ఉంటుంది. ధవళగిరి, అన్నపూర్ణల మధ్య ఏరు సుమారు 2,500 మీటర్ల ఎత్తులో పారుతుంది. ధవళగిరి నుంచి కొలిస్తే లోతు 5,600 మీటర్ల పైమాటే. కానీ రెండు శిఖరాల మధ్య దూరం 35 కిలోమీటర్లు. శిఖరం నుంచి కొలవాలా, ఏటి పక్క గట్టు అంచు నుంచి కొలవాలా అన్నదాని మీద ఒప్పందం లేదు. టిబెట్‌లోని యార్లుంగ్ సాంగ్‌పో లోయకూ ఇదే బిరుదు ఇస్తారు. ఎవరి కొలబద్ద వాళ్ళది.

పదిన్నర గాలి

కొండ లేచాక వానను ఆపేసింది. పోఖరా దగ్గరి లుమ్లేలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. అక్కణ్ణించి గాలిదారిలో 60 కిలోమీటర్లు కూడా లేని జోమ్‌సోమ్‌లో 300 మిల్లీమీటర్లు కూడా పడదు. కొండ ఇవతలే మబ్బు ఖాళీ అయిపోతుంది. అవతలిది వర్షచ్ఛాయ. అందుకే ఘాసా దాకా దట్టమైన అడవి, మార్ఫా దాటితే మట్టి మిద్దెలు. ఆ మిద్దెలు పెద్ద వానకు కట్టినవి కావు. 2023 ఆగస్టులో కాగ్‌బేనీని వరద ముంచినప్పుడు ఇళ్ళకిళ్ళు బురదలో కూరుకున్నాయి.

వాన ఆగింది గాని గాలి ఆగదు. పొద్దెక్కేకొద్దీ ముస్తాంగ్ ఎడారి నేల వేడెక్కి అక్కడి గాలి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి దిగువ గాలికి ఉన్న సందు ఈ లోయే. పదీ పదిన్నర నుంచి సాయంత్రం దాకా మనిషిని తోసేంత గాలి. జోమ్‌సోమ్ విమానాలు పొద్దున్నే వచ్చి పోవడం అందుకే.

ఉప్పు దిగిన దారి, ధాన్యం ఎక్కిన దారి

ఏటికి దొరికిన సందే మనుషులకూ దొరికింది. టిబెట్ ఉప్పు కంచరగాడిదల మీద కోరా లా దాటి దిగేది, దిగువ నుంచి ధాన్యం ఎక్కేది. టుకుచేలోని థకాలీ వర్తకులు ఈ బేరంతోనే బాగుపడ్డారు. వాళ్ళ పెద్ద పెద్ద మండువా ఇళ్ళు ఇంకా నిలిచి ఉన్నాయి. ఆ ఉప్పు టెథిస్ సముద్రపు ఉప్పేనని మా గైడు ఇంకో కథ చెప్పాడు. వినడానికి బాగుంది, కానీ అది బయటికి దారిలేని టిబెట్ సరస్సుల్లో నీరు ఆవిరై మిగిలిన ఉప్పు. టెథిస్ ఎన్నడో పోయింది.

1950లలో టిబెట్ పరిస్థితి మారింది. 1960 నుంచి 1974 దాకా చైనాతో పోరాడిన టిబెట్ ఖాంపా యోధులకు ముస్తాంగ్ స్థావరమైంది. దక్షిణం నుంచి భారత ఉప్పు ఎక్కడం మొదలయ్యాక పాత బేరం కూలింది. మార్ఫా ఆపిల్ తోటలు, ముక్తినాథ్ యాత్రికులు ఆ చోటు భర్తీ చేశారు. ముక్తినాథ్‌లో 108 ధారల కింద తడిసే వైష్ణవులకు అది విష్ణు క్షేత్రం. అదే విగ్రహం బౌద్ధులకు అవలోకితేశ్వరుడు. బౌద్ధ సన్యాసినులు అక్కడ సేవ చేస్తారు. పక్కనే జ్వాలామాయి గుడిలో రాతి సందులోంచి సహజవాయువు వెలుగుతుంటుంది.

మైదానంలో నిలబడి శిఖరం కొలిచినవాళ్ళు

1810 ప్రాంతంలో వెబ్ అనే ఆంగ్ల అధికారి మైదానంలోంచి ధవళగిరిని కొలిచి 26,862 అడుగులన్నాడు, అంటే 8,187 మీటర్లు. ఇప్పటి లెక్కకూ దానికీ తేడా 20 మీటర్లే. కానీ అప్పట్లో ఐరోపాలో నమ్మలేదు. దక్షిణ అమెరికాలోని చింబొరాజోయే అన్నిటికన్నా ఎత్తని వాళ్ళ నమ్మకం. తర్వాత కొన్ని దశాబ్దాలు ధవళగిరికే ఆ పీట దక్కింది.

కొలత సూత్రం బడిలో చదివిన త్రిభుజమే: నేల మీద ఒక గీత పొడవు, రెండు చివర్ల నుంచి శిఖరం వైపు కోణాలు. చిక్కు దూరంలో ఉంది. విదేశీ సర్వేయర్లకు నేపాల్ తలుపులు మూసి ఉండేవి. 160 కిలోమీటర్ల నుంచి చూస్తే భూమి వంపు వల్లనే సుమారు 2,000 మీటర్లు కిందికి దిగి కనిపిస్తుంది. దాన్ని కలపాలి, గాలి పొరల్లో వెలుగు వంగడాన్ని తీసేయాలి.

ఈ మహా సర్వే మొదలైంది మద్రాసులో, 1802లో, విలియం లాంబ్టన్ చేతుల మీదుగా. కొన్నేళ్ళు హైదరాబాదే ఆయన మకాం. జార్జ్ ఎవరెస్టు వచ్చి చేరింది అక్కడే. కృష్ణా గోదావరి మధ్య అడవుల్లో జ్వరంతో మంచం పట్టాడు కూడా. ఆ కొలతలు ఉత్తరాదికి సాగి, 1852లో రాధానాథ్ సిక్దార్ లెక్కల్లో కొత్త శిఖరం బయటపడ్డాక, జార్జ్ ఎవరెస్టు పేరే దానికి పెట్టారు. ఎత్తు తెలిసినా దారి తెలియడం వేరు. 1950లో ఫ్రెంచి బృందం టుకుచేలో మకాం వేసి, తప్పు పటాలు పట్టుకుని అన్నపూర్ణ ఎక్కడుందో వెతకడానికే వారాలు ఖర్చుపెట్టింది. నీలగిరి వెనక దాక్కుంది. జూన్ 3న ఇద్దరు ఎక్కారు. 8,000 మీటర్ల శిఖరాల్లో మనిషి మొదట ఎక్కినది అదే.

కాగ్‌బేనీ గట్టున ఇదంతా చెప్పలేదు. రాయి 15 కోట్ల ఏళ్ళదని, కొండ అందులో మూడో వంతు వయసుదని, ఏటి సంగతి శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకుంటున్నారని మాత్రం చెప్పాను. కాటేరు నల్లరాయి కూడా హిమాలయం కన్నా ముందుదేనన్నాను.

పెద్దావిడ కాసేపు ఆలోచించారు. "అయితే మా పెరట్లో రుబ్బురోలు కూడా ఈ కొండ కన్నా పెద్దదేనా?"

"అందులో అనుమానం లేదమ్మా. తూర్పు కనుమల రాయైతే ఇంకా పెద్దది."

ఆవిడ నవ్వి, గుండ్రాయిని కొంగున ముడేసుకున్నారు. టైము పది దాటింది. దిగువ నుంచి మొదటి గాలి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. జీపు డ్రైవరు హారన్ కొట్టాడు.